పిలుపు కూడా హక్కే: భాగ్యరెడ్డి వర్మ జీవితం చెప్పే పాఠం

మన సీమ పల్లెల్లో కూలి మనిషికి మూడు పేర్లుంటాయి. తల్లిదండ్రులు పెట్టినది ఒకటి, కాగితాల్లో ఎక్కినది ఒకటి, ఊరు పిలిచేది ఒకటి. భూమి ఉన్న ఆసామికి ఈ మూడూ ఇంచుమించు ఒకటే. కాగితంలో రామిరెడ్డి అయితే ఊళ్లో రెడ్డెప్ప అవుతాడు. పేరుకు మర్యాద కలుస్తుందే తప్ప తగ్గదు. కూలికి పోయే మారెప్ప సంగతి అట్లా కాదు. ఓటర్ల జాబితాలో మారెప్ప, సొంత వాడలో మారెన్న, చేనుగట్టు మీద మాత్రం మారిగాడు. అరవై ఏండ్ల మనిషిని మీసం మొలవని పిల్లగాడు రేయ్ అంటే ఊరికి తప్పనిపించదు. ఆ అరవై ఏండ్ల మనిషి అదే పిల్లవాణ్ణి అప్పా అని పిలవాలి. లేకుంటే పొగరెక్కిందంటారు.

విడపనకల్లు కావచ్చు, ఉరవకొండ కావచ్చు, సరిహద్దు దాటి బళ్లారి పక్క పల్లె కావచ్చు. నల్లరేగడిలో పప్పుశనగ పీకే చోట, మిరపకాయ కోసే చోట, పత్తి తీసే చోట ఎన్నో ఏండ్లుగా నడిచిన తీరు ఇదే. ఇది చిన్న విషయమనీ, కూలి రేటు, నీళ్లు, అప్పులు వదిలి పిలుపుల గురించి రాయడమెందుకనీ కొందరికి అనిపించవచ్చు. కానీ పిలుపుకీ కూలికీ దగ్గరి సంబంధముంది. రేయ్ అని పిలిపించుకుని తలవంచి నిలబడ్డవాడు పది రూపాయలు ఎక్కువ అడగడానికి నోరు పెగలదు. మనిషిని సగం పేరుతో పిలిస్తే సగం కూలి ఇవ్వడం సులువైపోతుంది. అందుకే వెట్టి ఎక్కడుంటే అక్కడ పేరు విరిచి పిలవడం కూడా ఉంది.

ఈ సంగతిని అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్న తెలుగువాళ్లలో భాగ్యరెడ్డి వర్మ ఒకరు. తన పేరు తాను నిలబెట్టుకున్నాడు. తన జనానికి ఊరు పెట్టిన పేరును తోసిపుచ్చి, వాళ్లు ఎంచుకున్న పేరును ప్రభుత్వాల చేత రాయించాడు. ఆ జీవితం రైతు కూలీలందరూ తెలుసుకోవాల్సింది.

సీమకూ ఈ బాధ తెలుసు

ముందుగా మన సంగతే ఒకటి చెప్పుకుందాం. 1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పట్నుంచి ఈ ప్రాంతానికి దత్తమండలాలనే పేరు పడింది. అంటే ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన జిల్లాలు. ఇక్కడ పుట్టి, ఇక్కడి రాళ్లల్లో దున్ని, ఇక్కడి కరువులు మోసిన జనానికి ఆ పేరులో చోటు లేదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ మాత్రమే ఉన్నారు. నూరేండ్లకు పైగా ఆ పేరుతోనే పిలిపించుకున్నాం. చివరకు 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో, అనంతపురం కళాశాలలో పంతులుగా ఉండిన చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరును సభ ఒప్పుకుంది. ఆ తర్వాత జనం నోటికి అదే ఎక్కింది. ఈనాడు దత్తమండలం వాళ్లు అని మనల్ని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

ఒక ప్రాంతానికే పరాయి పేరు అంత గుచ్చుకుంటే, పుట్టింది మొదలు చచ్చేదాకా పరాయివాళ్లు పెట్టిన పేరు మోసిన జనానికి ఎంత గుచ్చుకుని ఉండాలి? ఆ జనాన్ని ఊరు పంచములు అంది. నాలుగు వర్ణాల లెక్కలో పట్టనివాళ్లు, అయిదో వాళ్లు అని దానర్థం. అంటరానివాళ్లు అని నేరుగా అనడానికి మొహమాటపడినప్పుడు వాడుకునే మాట అది.

బాగయ్య నుంచి భాగ్యరెడ్డి వర్మ దాకా

1888 మే 22న హైదరాబాదులో ఒక పేద మాల కుటుంబంలో మాదరి బాగయ్య పుట్టాడు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. అప్పటి నిజాం రాజ్యంలో ఆ కులం పిల్లవాడికి బడి అందని పండు. పల్లెల్లో అయితే దొర గడీ ముందు వెట్టి, పట్నంలో అయితే ఇంటి చాకిరి. బాగయ్య కూడా చిన్నతనంలోనే ఒక బారిస్టరు ఇంట పనికి కుదిరాడు. అక్కడే అక్షరాలు పట్టుకున్నాడు. చదవడం వచ్చాక ఊరుకోలేదు. తన వాళ్లు ఇట్లా ఎందుకున్నారన్న ప్రశ్న ఆయన్ను పట్టి పీడించింది.

ఆ కుటుంబానికి ఒక గురువుండేవాడు. ఈ దేశంలో మొదటినుంచి ఉన్నవాళ్లు, ఒకప్పుడు ఏలినవాళ్లు మీరేనని ఆయన వాళ్లకు చెప్పేవాడట. రెడ్డి అన్న మాట రేడు అన్న మాటలోంచి వచ్చిందనీ, రేడు అంటే ఏలిక అనీ, కాబట్టి ఆ పేరు మీకూ చెల్లుతుందనీ ఆయన వాదం. అట్లా బాగయ్య భాగ్యరెడ్డి అయ్యాడు. ఆ తర్వాత 1913లో ఆర్యసమాజం వాళ్లు ఆయన సేవను మెచ్చి వర్మ అనే బిరుదు ఇచ్చారు. ఆనాటికి వర్మ అంటే క్షత్రియులు పెట్టుకునే మాట. మాల ఇంట్లో పుట్టినవాడు రెడ్డి, వర్మ రెండూ కలిపి పేరు చివర పెట్టుకుని నగరం నడిబొడ్డున సభల్లో మాట్లాడడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

ఇక్కడొక సంగతి ఆలోచించాలి. మన వైపు కులం తోక తగిలించుకోవడాన్ని ప్రగతిశీలమని ఎవరూ అనరు. తోక తీసెయ్యడమే ప్రగతిశీలం. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913 మే 1న భూములున్న కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి తన పేరులో రెడ్డిని తీసేసి సుందరయ్య అయ్యాడు. సొంత ఊళ్లోనే వ్యవసాయ కార్మికులను కూడగట్టాడు. 1985 మే 19న కన్నుమూసేదాకా ఆ పేరుతోనే బతికాడు. ఈనాటికీ జనం ఆయన్ను సుందరయ్య అనే అంటారు. ఒకరు రెడ్డి తగిలించుకున్నారు, ఇంకొకరు రెడ్డి తీసేశారు. పైకి చూస్తే ఎదురెదురు పనులు. లోపల చూస్తే ఒకటే పని. పుట్టుకను బట్టి ఊరు ఇచ్చిన చోటులో నేను నిలబడను, నేనెవరో నేను చెబుతాను అన్నదే ఇద్దరి మాటా.

తేడా ఒకటుంది. పైకులం మనిషి తోక తీసేస్తే లోకం దాన్ని త్యాగమంటుంది. కింది కులం మనిషి ఒక గౌరవపు మాట తగిలించుకుంటే అదే లోకం పొగరంటుంది. పేరు వదులుకోవడం కంటే పేరు సంపాదించుకోవడం ఎప్పుడూ కష్టమే. ఎందుకంటే అది ఎదుటివాడి నోటితో పలికించాల్సిన పని.

పేరు వెనక పని

పేరు మార్చుకుని ఇంట్లో కూచుంటే ఎవరూ పలకరు. ఈ విషయం భాగ్యరెడ్డి వర్మకు బాగా తెలుసు. 1906లో, పద్దెనిమిదేండ్ల వయసులో, జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, భజనలు, ఉపన్యాసాలతో వాడవాడకూ తిరిగాడు. చదువురాని జనానికి కథ చెబితేనే ఎక్కుతుంది. 1911లో ఆ మండలి మాన్య సంఘమైంది. ఆ పేరులోనే విషయముంది. మాన్యులంటే గౌరవించదగ్గవాళ్లు. అప్పటిదాకా అంటరానివాళ్లన్న జనం తమ సంఘానికి తామే ఆ పేరు పెట్టుకున్నారు.

ఆయన ముఖ్యంగా పట్టుకున్నది బడి. 1910 ప్రాంతంలో హైదరాబాదులో మొదలుపెట్టిన పాఠశాలలు పెరిగి పెరిగి 26 అయ్యాయి. సుమారు 2,500 మంది పిల్లలు వాటిల్లో చదివారు. ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో ఆ బడుల్లో తెలుగు నేర్పారు. బడిలో చేరిన పిల్లవాడికి జరిగే మొదటి పని ఏమిటి? హాజరు పట్టీలో పేరు ఎక్కడం. పంతులు ఆ పేరు పూర్తిగా చదవడం, పిల్లవాడు పలకడం. వీధిలో సగం పేరుతో అరిపించుకున్న పిల్లవాడికి తన పేరు పూర్తిగా వినపడే చోటు అదొక్కటే. బడి అక్షరం ఒక్కటే నేర్పదు, మనిషికి అతని పేరు అతనికి అప్పజెబుతుంది.

ఇంకో పక్క జోగినీ, దేవదాసీ ఆచారాల మీద పోరాడాడు. దేవుడి పేరుతో దళిత ఆడపిల్లలను ఊరి ఉమ్మడి సొత్తు చేసే దురాచారమది. బళ్లారి, అనంతపురం సరిహద్దు పల్లెల్లో ఆ పిల్లలను బసివిని అనేవాళ్లని పెద్దవాళ్లకు గుర్తే. అక్కడా జరిగింది పేరు మార్చడమే. ఆ ఆడపిల్లకు ఇంటిపేరు పోయి, ఊరు పెట్టిన ముద్ర మిగిలేది. తాగుడు మానమనీ, చిన్నపిల్లలకు పెండ్లిళ్లు చెయ్యవద్దనీ చెప్పాడు. జంతుబలులు వద్దన్నాడు. బుద్ధుడి జయంతి జరిపాడు. 1931లో భాగ్యనగర్ అనే పత్రిక తెచ్చాడు, తర్వాత దానికి ఆది హిందూ అని పేరు మార్చాడు.

బెజవాడలో మూడు రోజులు

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఒక సభ జరిగింది. ప్రథమ ఆంధ్ర పంచమ మహాసభ అని దానికి పెట్టిన పేరు. గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు పూనుకుని ఏర్పాటు చేశారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను అధ్యక్షుడిగా పిలిచారు. ఇంత జనం ఊళ్లోకి వస్తున్నారు, గుళ్లోకి వస్తారేమోనన్న భయంతో ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చెబుతారు.

అధ్యక్షుడు లేచి ముందుగా సభ పేరునే పట్టుకున్నాడు. పంచముడనే మాట పురాణాల్లో గానీ శాస్త్రాల్లో గానీ ఎక్కడుందో చూపించమన్నాడు. ఈ నేలకు మొదటి బిడ్డలమైన మాకు అయిదో వాళ్లనే పేరు ఎట్లా కుదురుతుందని వాదించాడు. పంచమ అన్న మాట కింద కూచుని హక్కులు అడగడం కుదరదని తేల్చాడు. సభ ఆయన మాట విన్నది. పంచమ మహాసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. ఆ సభ బడులు అడిగింది, మంచినీళ్ల బావులు అడిగింది, శాసనసభలో, స్థానిక సంస్థల్లో తమవాళ్లకు చోటు అడిగింది. కొత్త పేరూ, కొత్త కోరికలూ ఒకే సభలో పుట్టాయి. అడుక్కునేవాడి పేరుతో వచ్చుంటే అవి మనవులయ్యేవి. ఈ నేల మొదటి బిడ్డల పేరుతో వచ్చినందుకు హక్కులయ్యాయి.

ఆ తర్వాత ఏటేటా ఆంధ్ర జిల్లాల్లో ఆది ఆంధ్ర సభలు జరుగుతూ వచ్చాయి. తమిళ ప్రాంతంలో అదే కాలంలో ఆది ద్రావిడ అనే పేరు నడుస్తుండింది. 1922 జనవరిలో మద్రాసు శాసనసభలో ఎం.సి. రాజా తీర్మానం తెచ్చాడు. పంచమ, పరయ అన్న మాటలు ప్రభుత్వ కాగితాల్లోంచి తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న మాటలు రాయాలన్నది ఆ తీర్మానం. ఆ ఏడాది మార్చిలో ప్రభుత్వం అట్లాగే ఉత్తరువు ఇచ్చింది. అనంతపురం అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా కాబట్టి ఆ ఉత్తరువు మన తాలూకా కచేరీలకూ వర్తించింది. బెజవాడ సభకూ ఈ ఉత్తరువుకూ నడుమ అయిదేండ్లు కూడా లేవు.

నిజాం రాజ్యంలో ఇంకా కొన్నేండ్లు పట్టింది. మాన్య సంఘం 1921లో ఆది హిందూ సాంఘిక సేవా సంఘమైంది. ఆది హిందువులన్న పేరు జనాభా లెక్కల్లో రాయాలని భాగ్యరెడ్డి వర్మ పదే పదే అడిగాడు. చివరకు 1931 లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆ పేరే రాసింది. లక్షల మందిని ఊరు పిలిచిన పేర్లు పక్కనపెట్టి, వాళ్లు ఎంచుకున్న పేరు కింద లెక్కించారు. 1939 ఫిబ్రవరి 18న ఆయన చనిపోయేనాటికి వయసు యాభై ఒకటి నిండలేదు. ఈనాడు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితా తీసి చూస్తే మొట్టమొదట కనపడేది ఆది ఆంధ్ర అన్న పేరే. అక్షరక్రమం వల్ల ముందుకొచ్చిందనవచ్చు. కానీ ఆ పేరంటూ జాబితాలో ఉండడం అక్షరక్రమం వల్ల కాదు.

అక్కడితో ఆగలేదు

ఆయన చేసిందంతా లోపం లేనిదని చెప్పడం మన పని కాదు. ఒక్క పేరు కిందకు అందరినీ తేవాలనుకున్నా అది పూర్తిగా కుదరలేదు. మాదిగల్లో చాలామంది తమకు తామే పేరు చెప్పుకోవాలనుకున్నారు. అరుంధతీయులన్న పేరు అట్లా వచ్చింది. అది కూడా జాబితాలో ఉంది. దాన్ని చీలిక అని తేలిగ్గా తోసెయ్యకూడదు. తన పేరు తాను ఎంచుకునే హక్కు ఒకరికుంటే ఇంకొకరికీ ఉంటుంది. పైగా ఆయన ఉద్యమం ఎక్కువగా నగరంలో నడిచింది. బావి, బడి, పదవి గురించి మాట్లాడినంతగా చేను గురించి, కూలి గురించి మాట్లాడలేదు. ఆ పని తర్వాత వ్యవసాయ కార్మిక సంఘాలు ఎత్తుకున్నాయి. పేరు ఒక్కటీ మారి భూమి మారకపోతే ఆ పేరు కాగితం మీదే ఉంటుందన్న సంగతి ఆ పోరాటాల్లో తేలింది.

1932 నుంచి గాంధీజీ హరిజనులు అన్న పేరు వాడారు. సదుద్దేశంతోనే వాడి ఉండవచ్చు. ఊళ్లల్లో హరిజనవాడలని బోర్డులు పడ్డాయి. కానీ ఆ పేరు మోసే జనాన్ని అడిగి పెట్టింది కాదది. అంబేద్కర్ అనుచరులు మొదట్నుంచీ దాన్ని ఒప్పుకోలేదు. కుల ధ్రువపత్రాల్లో హరిజన అని రాయవద్దని 1982లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఆలోపే 1972లో మహారాష్ట్రలో దళిత్ పాంథర్లు లేచారు. 1985 జులైలో కారంచేడు మారణకాండ తర్వాత మన రాష్ట్రంలో దళిత మహాసభ పుట్టింది. దళితులన్న మాట అప్పట్నుంచి పల్లె పల్లెకూ పాకింది. పంచమ, ఆది ఆంధ్ర, హరిజన, దళిత: ఈ మాటల వెనక నూరేండ్ల గొడవ ఉంది. ఎవరు పెట్టారన్నదే ప్రతిసారీ అసలు ప్రశ్న. పైనుంచి వచ్చిన పేరు ఎంత తియ్యగా ఉన్నా నిలవలేదు. జనం ఎంచుకున్నది నిలిచింది.

కాగితం మారింది, నోరు మారాలి

చట్టాలు వచ్చాయి. 1976లో వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం పదిమందిలో కులం పేరుతో తిట్టి అవమానిస్తే అది నేరం. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, ఉపాధి హామీ పథకం మొదలైంది. జాబ్ కార్డు మీద పూర్తి పేరు, పక్కన ఫొటో, మస్టరులో వరుసగా పేర్లు. ఆ పనికి పోయిన ఆడవాళ్లలో చాలామంది ఫలానావాడి పెండ్లాం అని కాకుండా తమ పేరుతో తాము కూలి తీసుకోవడం అదే మొదటిసారి. డీకేటీ పట్టా అయినా, పాస్ పుస్తకమయినా, బ్యాంకు ఖాతా అయినా పూర్తి పేరే రాస్తుంది.

అయినా కాగితం మారినంత వేగంగా నోరు మారలేదు. పట్టాలో ఉన్న పేరు చేనుగట్టు మీదికి వచ్చేసరికి మళ్లీ విరిగిపోతుంది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అందరిచేతా సార్ అనిపించుకుంటాడు. పండుగకు ఊరొస్తే అతని తండ్రిని అతని ముందరే రేయ్ అంటారు. అట్లాంటి చోట కొడుకులు పండుగకు రావడం మానుకుంటే తప్పు ఎవరిది? సేద్యానికి మనుషులు దొరకడం లేదని మొత్తుకునే రైతులు ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి.

సన్నకారు రైతులకు ఒక మాట. కరువు వచ్చినప్పుడు పంటబీమా కచేరీ ముందు, బ్యాంకు గుమాస్తా ముందు మనం నిలబడ్డ తీరు గుర్తుంది గదా. వయసుకు విలువివ్వకుండా ఏకవచనంతో మాట్లాడితే మనకెంత మండింది? మన చేలో పనిచేసే మనిషికీ అట్లాగే మండుతుంది. కచేరీలో మర్యాద అడిగే మనం చేనుగట్టున మర్యాద ఇవ్వాలి. రెండూ ఒకే హక్కు.

వ్యవసాయ కార్మిక సంఘాలు కూలి ఒప్పందాలు మాట్లాడేటప్పుడు రేటు, పనిగంటలతో పాటు పిలుపు సంగతి కూడా మాట్లాడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. వానలు పడాల్సిన పనిలేదు, కాలువకు నీళ్లు రావాల్సిన పనిలేదు. ఆ మనిషి తన పేరు ఏమని చెబుతాడో అదే పిలవాలి. వయసులో పెద్దవాడైతే అన్నా, అప్పా అని కలపాలి. ఆడమనిషి అయితే అక్కా, అమ్మా అనాలి. భాగ్యరెడ్డి వర్మ రెండు ప్రభుత్వాల చేత చేయించినది ఇదే. ఊరి చేత చేయించడం మన వంతు.